కుక్కతల చాటు మాట

ఒక మధ్యాహ్నం నేను చాట్‌లో ఆలోచించకుండా పెట్టిన నత్త ఎమోజీ బొమ్మ, నాతో కలిసి పనిచేసే ఒకరిని మూడు రోజుల పాటు నొప్పించింది. మేమిద్దరం ప్రూఫులు దిద్దే పనిలో ఉన్నాం. మేం వాడే సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి పేజీ తెరవడానికి నిమిషానికి పైగా తీసుకునేది. అలా ఆగిపోయినప్పుడల్లా మాటలేమీ రాయకుండా ఒకరికొకరం ఒక నత్తను పంపుకునేవాళ్లం. దాదాపు ఏడాది పాటు మా ఇద్దరి చాట్‌లో ఆ నత్తకు ఉన్న అర్థం ఒక్కటే: మళ్లీ మొదలైంది, ఓపిక పట్టాలి. ఆ తర్వాత పై అధికారులతో కలిపి పన్నెండు మంది ఉన్న గ్రూపు ఒకటి ఏర్పడింది. అందులో ఆమె ఒకరోజు, "మిగిలిన పేజీలు రేపు ఉదయానికి పంపిస్తానండీ" అని రాశారు. ఆలస్యానికి కారణం సాఫ్ట్‌వేరేనని నాకు తెలుసు కనుక, ఆమె పక్షాన నిలబడుతున్నాననుకుంటూ ఆ మెసేజ్ కిందే నత్తను పెట్టాను. నిమిషం తిరక్కుండా దానికి ఇద్దరు నవ్వు ముఖాలు తగిలించారు. ఆమె ఏమీ అనలేదు. నాలుగో రోజున నాకు విడిగా రాశారు: "ఆ రోజు పెట్టిన నత్త నా గురించేనా అండీ?"

ఆ ప్రశ్న కన్నా, అది అడగడానికి ఆమెకు పట్టిన మూడు రోజులే నన్ను ఎక్కువగా బాధపెట్టాయి. నత్త మారలేదు, మేమిద్దరం మారలేదు, చుట్టూ చదివేవాళ్లు మాత్రమే మారారు. మా ఏడాది వాడుకను ఎన్నడూ చూడని పదిమందికి నత్త అంటే నెమ్మది అన్న అర్థమే తెలుసు. "రేపు" అన్న మాట కింద కూర్చోగానే అది ఎత్తిపొడుపైపోయింది. పాత అర్థం ఆమెకు తెలియక కాదు. నవ్వు ముఖాలు వచ్చి పడుతున్నప్పుడు, ఆమె కూడా దాన్ని నవ్వుతున్నవాళ్ల కళ్లతోనే చదివారు. ఈ సంగతి తట్టిన తర్వాతే నాకు ఒక విషయంలో గట్టి అభిప్రాయం ఏర్పడింది. జంతువు బొమ్మలో వ్యంగ్యం ఉండదు. అది పంపినవారికీ అందుకున్నవారికీ మధ్య పేరుకున్న వాడుకలో ఉంటుంది. ఆ వాడుకలో పాలు లేని మనిషి ముందు బొమ్మ పెట్టి, అర్థం చేసుకోలేకపోవడం చదివినవారి తప్పే అనడం అన్యాయం. తెలిసి చేసినా తెలియక చేసినా ఆ బాధ్యత పంపినవారిదే.

మాట అర్థాన్ని గొంతు తిప్పేయగలదని మనవాళ్లకు ఏనాడో తెలుసు. "మహా గొప్ప పని చేశావులే" అన్న వాక్యంలో నింద ఎక్కడుందో అక్షరాల్లో వెతికితే దొరకదు. అది ఆ "లే" దగ్గర గొంతు దిగే తీరులో ఉంటుంది. అలంకారశాస్త్రం ఆ స్వరభేదానికి కాకువు అని పేరు పెట్టింది. తిడుతున్నట్టుగా మెచ్చుకోవడాన్నీ, మెచ్చుకుంటున్నట్టుగా తిట్టడాన్నీ వ్యాజస్తుతి అన్న అలంకారం కింద చర్చించింది. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ఉదాహరించిన ఒక ప్రాకృత గాథ ఈ సందర్భంలో నాకు పదే పదే గుర్తుకు వస్తుంది. ఒక స్త్రీ ఒక ధార్మికుడితో, ఇక నిర్భయంగా తిరగవయ్యా, నిన్ను హడలగొట్టే ఆ కుక్కను గోదావరి ఒడ్డు పొదల్లో ఉండే సింహం చంపేసింది, అంటుంది. మాట తిరగమంటోంది, అర్థం మాత్రం అటువైపు రావద్దంటోంది. కుక్కకే జడిసేవాడు సింహం ఉన్నచోట అడుగుపెడతాడా? ఆ పొదలు ఆమె తన ప్రియుణ్ణి కలుసుకునే చోటని తెలిసినవారికే ఆ మాట పూర్తిగా అందుతుంది. ధార్మికుడికి అందేది భయం ఒక్కటే. ఒకే వాక్యం, విన్నవారి ఎరుకను బట్టి రెండు మాటలు. చాట్‌లో జంతువు బొమ్మ చేసే పని కూడా సరిగ్గా ఇదే.

చాట్ అనేది మాట్లాడే వేగంతో రాసే రాత. వేగం, చనువు, మధ్యలో ఆగిపోవడాలు అన్నీ మాటవే, గొంతు మాత్రం లేదు. ఈ లోటు ఎంత పెద్దదో 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ తదితర అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగాలు చూపించాయి. తాము వ్యంగ్యంగా అంటున్నామో, నిజంగానే అంటున్నామో అవతలివారు 78 శాతం సార్లు పోల్చుకుంటారని పాల్గొన్నవారు ముందుగా అంచనా వేశారు. గొంతుతో చెప్పినప్పుడు విన్నవారు 73 శాతం సార్లు సరిగ్గా పోల్చుకున్నారు. అవే వాక్యాలు ఈమెయిల్‌లో వెళ్లినప్పుడు అది 56 శాతానికి పడిపోయింది. నాణెం ఎగరేసి చెప్పినా సగం సరిపోతాయి కదా, దాని కన్నా ఇది పెద్దగా మెరుగేమీ కాదు. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఆ 78. రాసేటప్పుడు మన చెవిలో మన గొంతు వినిపిస్తూనే ఉంటుంది కనుక, అది కాగితం మీదకు రాలేదన్న సంగతి మనకు తెలియనే తెలియదు.

రాతకు గొంతును తెచ్చిపెట్టే ప్రయత్నాలు పాతవే. 1982 సెప్టెంబర్ 19న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ ఫాల్మన్, రెండు చుక్కలు, ఒక అడ్డగీత, ఒక బ్రాకెట్ కలిపి నవ్వు ముఖంగా వాడదామని ప్రతిపాదించాడు. అంతకుముందు అక్కడి కంప్యూటర్ నెట్‌వర్క్‌లో లిఫ్టు గురించి ఎవరో సరదాగా రాసిన హెచ్చరికను కొందరు నిజమని నమ్మారు. అంటే మనం ఈనాడు సంతోషానికి గుర్తుగా వాడుతున్న ఆ ముఖం పుట్టింది సంతోషం చెప్పడానికి కాదు, ఇది హాస్యం సుమా అని చెప్పడానికి. జపాన్‌లో 1999లో డొకోమో ఫోన్ల కోసం షిగెతకా కురితా రూపొందించిన 176 బొమ్మలు, కంప్యూటర్లూ ఫోన్లూ అక్షరాలను ఒకేలా గుర్తించేందుకు పాటించే ప్రమాణం యూనికోడ్ 6.0లో 2010లో చేరిన వందలాది ఎమోజీలు తర్వాతి కథ. నత్త, పాము, మేక, కుక్క ముఖం, మూడు కోతులు అన్నీ ఆ 6.0లోనే ప్రపంచమంతటి ఫోన్లకు దారి చేసుకున్నాయి.

అయితే వ్యంగ్యానికి మనుషుల ముఖాలు ఉండగా జంతువులెందుకు? నా ఆలోచన ఇది. నవ్వు ముఖం గానీ ఏడుపు ముఖం గానీ పెట్టగానే ఒక భావానికి కట్టుబడిపోతాం. కన్నీళ్లు కారే ముఖానికి వెటకారం ఎక్కించినా, ఆ కన్నీళ్లు ఎక్కడికీ పోవు. నత్తకూ మేకకూ పీతకూ మన భావాలేవీ లేవు. అవి ఖాళీ గిన్నెల్లాంటివి, ఏది పోస్తే అదే నిలుస్తుంది. ఆ గిన్నెలకు ముందే ఒక వాసన పట్టి ఉంటుంది కూడా. గోడమీది పిల్లి, మేకవన్నె పులి, కొంగ జపం, మొసలి కన్నీరు, పాముకు పాలు పోయడం అంటూ భాష తరతరాలుగా జంతువుల పేరుతో మనుషులనే అంటూ వచ్చింది. కొత్త ఎమోజీల ప్రతిపాదనలను పరిశీలించే యూనికోడ్ కన్సార్షియం సైతం, ఒక బొమ్మకు రూపకంగా వాడుక ఉందా అన్నది చూస్తామని తన మార్గదర్శకాల్లో రాసుకుంది. సొరచేప అంటే జంతువు మాత్రమే కాదు, ఇంగ్లీషులో మోసగాడికీ వడ్డీలకు తిప్పి పీల్చేవాడికీ కూడా ఆ మాట వాడతారన్నది అక్కడ ఇచ్చిన ఉదాహరణ. కనుక జంతువు బొమ్మ మన చాట్‌లోకి వచ్చేటప్పుడే రెండు అర్థాలతో వస్తోంది. మూడోదాన్ని మనం చేరుస్తున్నాం.

మేక సంగతి తేలికగా చెప్పుకోవచ్చు. అన్ని కాలాల్లోనూ గొప్పవాడు అనే ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు కలిపితే గోట్ అవుతుంది కనుక, ఆటగాళ్లకు మేక కిరీటమైంది. 2021 టోక్యో ఒలింపిక్స్ సమయంలో ట్విట్టర్ జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ కోసం ప్రత్యేకంగా ఒక మేక బొమ్మనే తయారు చేసింది. ప్రశంస ఎంత చౌక అవుతుందో వ్యంగ్యం అంత దగ్గరకు వస్తుంది. సులువైన క్యాచ్ జారవిడిచినవాడికీ ఇప్పుడు అదే మేక దక్కుతోంది.

నేను ఎక్కువసేపు నిలబడి చూడాలనుకునేది కుక్కను. జపాన్‌లో కిండర్‌గార్టెన్ టీచరైన అత్సుకో సాతో 2010 ఫిబ్రవరిలో తన పెంపుడు కుక్క కబోసును తీసిన కొన్ని ఫొటోలను ఇంటర్నెట్‌లో పెట్టారు. షీబా జాతి కుక్క అది. వాటిలో ఒక ఫొటోలో అది సోఫా మీద ముందుకాళ్లు ఒకదానిపై ఒకటి వేసుకుని, తల కాస్త పక్కకు తిప్పి, కళ్లు మాత్రం మనవైపే మళ్లించి ఉంటుంది. కనుబొమ్మలు లేచినట్టు కనిపిస్తాయి. నవ్వుతోందో, అనుమానిస్తోందో, అన్నీ తెలిసి ఊరుకుందో చెప్పలేం. 2013 నాటికి ఆ చూపు డోజ్ పేరుతో లోకమంతా తిరిగింది. ఆ ఏడాది డిసెంబరులో ఒక క్రిప్టో కరెన్సీ కూడా దాని పేరు పెట్టుకుంది. చైనాలో వైబో వంటి వేదికల మీద ఆ తల ఒక ఎమోజీగా స్థిరపడింది. అక్కడ దానికి దొరికిన పనే అసలైనది: ఒక వాక్యం చివర కుక్కతల ఉంటే, నేనన్నది అక్షరార్థంలో తీసుకోవద్దు అని అర్థం. ఆ వాడుకకు చైనీయులు పెట్టుకున్న మాటను తెలుగులో చెప్పాలంటే "ప్రాణం కాపాడే కుక్కతల" అనాలి. బొమ్మ దొరకని చోట బ్రాకెట్లు పెట్టి, వాటి మధ్య కుక్కతల అన్న మాటనే అక్షరాలతో రాస్తారు. ఈ వివరం నాకెంతో విలువైనదిగా తోస్తుంది. చిత్రంగా పుట్టిన గుర్తు తిరిగి మాటగా మారి, ప్రశ్నార్థకం లాగా విరామచిహ్నమైపోయింది. ఆ ఫొటోలోని కబోసు 2024 మే 24న చనిపోయింది. దాని చూపు మాత్రం కోట్ల వాక్యాల చివర ఇంకా అలాగే మనవైపు చూస్తూ ఉంది.

ఆ "ప్రాణం కాపాడే" అన్న విశేషణాన్ని కాస్త నిదానంగా చూడండి. కాపాడేది ఎవరిని? మొదట్లో అది ఇద్దరినీ కాపాడింది. "మీ అంత తెలివైనవారిని నేనెన్నడూ చూడలేదు" అని రాసి కుక్కతల పెడితే, సరదా చేస్తున్నానని ముందే చెప్పడం వల్ల చదివేవారికి అపార్థం తప్పుతుంది, రాసేవారికి తగాదా తప్పుతుంది. ఇంకొద్ది కాలానికి మనిషి తెలివి దాన్ని ఇంకో పనికి వాడుకుంది. "ఈ పని మీ వల్ల కాదు" అని నిజంగా అనుకుంటూనే రాసి, చివర కుక్కతల పెట్టడం మొదలైంది. నవ్వితే మాట చెల్లిపోతుంది. నొచ్చుకుంటే "కుక్కతల పెట్టానుగా" అంటే సరిపోతుంది. ఈ రెండో వాడుకలో కాపాడబడేది అన్నవాడు ఒక్కడే. హాస్యానికి గుర్తుగా పుట్టినది ఇక్కడ నిందకు డాలుగా మారింది. ఒక బొమ్మ వ్యంగ్యార్థం తెచ్చుకోవడం నాకు సమ్మతమే, సంతోషమే కూడా, ఎందుకంటే రాతకు పోయిన కాకువు దానివల్ల తిరిగి వస్తోంది. నేను వ్యతిరేకించేది ఈ రెండో మలుపును. గొంతులో కాకువు పెట్టినవాడు దానికి తానే జవాబుదారీ అవుతాడు. బొమ్మ పెట్టినవాడు జవాబును కుక్క మీదికి తోసి తప్పుకుంటాడు.

పాము ఈ డాలుకు ఎదురుగా నిలిచిన ఆయుధం. 2016 జూలైలో అమెరికన్ గాయని టేలర్ స్విఫ్ట్‌కు, మరి కొందరు ప్రముఖులకూ మధ్య ఒక ఫోన్ సంభాషణ గురించి వివాదం రేగినప్పుడు, ఆమె ఇన్‌స్టాగ్రామ్ ఖాతా కింద వ్యాఖ్యలన్నీ పాములతో నిండిపోయాయి. మాట ఒక్కటీ లేదు, పాము తర్వాత పాము. వాక్యం రాసినవాడు కనీసం ఒక ఆరోపణ చేయాలి, దానికి ఆధారం అడగవచ్చు. పాముకు ఆధారం అడగడానికి వీల్లేదు. దాదాపు ఏడాది తర్వాత, 2017 ఆగస్టులో, ఆమె స్వయంగా ఒక పాము వీడియోను విడుదల చేశారు. 2018 పర్యటనలో వేదిక మీద భారీ పాముబొమ్మను నిలబెట్టారు. అప్పటి నుంచి అదే పామును ఆమె అభిమానులు ఆప్యాయంగా పంపుకుంటున్నారు. తిట్టును నగగా ధరించినట్టు ఒక బొమ్మను తిరగేసి సొంతం చేసుకోవడం ఎంతో ధైర్యమైన పని. కానీ దానికి ఆమెకు వేదికలు, లక్షల మంది శ్రోతలు ఉన్నారు. స్కూలు గ్రూపులో అవే పాములు అందుకున్న పద్నాలుగేళ్ల పిల్లకు తిరగేసే వేదిక ఏదీ ఉండదు. ఆ తేడాను మరచిపోయి, తేలికగా తీసుకోవాలి అని పిల్లలకు చెప్పే పెద్దల మీద నాకు కోపం వస్తుంది.

యంత్రాలు ఈ అర్థాలను చదవగలవని కొందరు ధీమాగా ఉంటారు. 2021 జూలై 11న యూరో ఫుట్‌బాల్ ఫైనల్‌లో ఇంగ్లండ్ ఓడిన తర్వాత, పెనాల్టీలు చేజార్చుకున్న ముగ్గురు నల్లజాతి ఆటగాళ్లు రాష్‌ఫర్డ్, సాంచో, సాకాల ఖాతాల కింద కోతి బొమ్మలు వచ్చి పడ్డాయి. వాటిలో కొన్నిటిని తమ సాంకేతికత పొరపాటున హానిలేనివిగా గుర్తించిందని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి ఆ తర్వాత ఒప్పుకున్నారు. యంత్రానికి కోతి కోతే. మరో చోట ఈ చూపులేమి మేలు చేసింది కూడా. 2018లో చైనాలో లైంగిక వేధింపులపై మీటూ ఉద్యమానికి సంబంధించిన రాతలు తొలగింపునకు గురవుతున్నప్పుడు, మహిళలు అన్నం గిన్నె, కుందేలు బొమ్మలను పక్కపక్కన పెట్టారు. చైనీస్‌లో బియ్యానికి "మి", కుందేలుకు "తూ" అన్న ఉచ్చారణ ఉండటమే దాని గుట్టు. ఇది వ్యంగ్యం కన్నా శ్లేషకు దగ్గర. అయినా నా వాదనకు ఇది అవసరం, ఎందుకంటే జంతువు చాటున దాక్కోవడమే తప్పని నేననడం లేదు. బలవంతుడి కంట పడకుండా బలహీనులు దాక్కున్న చాటు వేరు, బలహీనురాలి మీద రాయి వేసి బలవంతుడు దాక్కునే చాటు వేరు. ఆ రెండింటినీ వేరు చేసి చూడటం మనిషికి మాత్రమే సాధ్యం. ఎవరు ఎవరికి పంపారన్నది బొమ్మలో రాసి ఉండదు.

న్యాయస్థానాలకూ ఈ పని తప్పడం లేదు. 2017లో ఇజ్రాయెల్‌లో ఒక చిన్న మొత్తాల కోర్టు ముందుకు వచ్చిన కేసులో, ఇల్లు అద్దెకు కావాలన్న జంట యజమానికి పంపిన మెసేజ్‌లో నాట్యం చేసే అమ్మాయి, విజయ సంకేతం, తోకచుక్క, ఒక చిప్‌మంక్, షాంపేన్ సీసా వరుసగా ఉన్నాయి. యజమాని ప్రకటన తీసేశాడు, జంట ఆ తర్వాత జవాబివ్వడం మానేసింది. ఆ బొమ్మలు ఒప్పందం కాకపోయినా గొప్ప ఆశాభావాన్ని కలిగించాయని, బేరసారాల్లో చిత్తశుద్ధి లోపించిందని భావించిన న్యాయమూర్తి 8,000 షెకెళ్లు చెల్లించమన్నారు. ఉడుతలాంటి ఆ చిన్న ప్రాణికి అద్దె ఇంటితో ఏ సంబంధమూ లేదు. పక్కనున్న బొమ్మల ఉత్సాహమే దానికీ అంటుకుంది. పంపినవారి మనసులో ఏముందన్నది ఒక్కటే చాలదని, అందుకున్నవారు దాన్ని నమ్మి ఏం చేశారన్నది కూడా లెక్కలోకి వస్తుందని ఆ తీర్పు చూసిన తీరు నాకు సమంజసంగా అనిపించింది.

ప్రతి హాస్యానికీ టీక రాస్తే హాస్యం చచ్చిపోతుందని నాతో వాదించేవారున్నారు. వారన్నది నిజమే. ఇద్దరి చాట్‌లో, పాత స్నేహితుల గ్రూపులో జంతువులు ఎన్ని అర్థాలతోనైనా తిరగవచ్చు, వాటికి వివరణ అడగడం మొరటుతనం. కానీ ఆ గుట్టులో చేరని ఒక్క మనిషి అక్కడ ఉన్నా, ఆ మనిషి గురించే బొమ్మ పడుతున్నా, అక్కడ అక్షరాలే కావాలి. పోనీ పడిపోయిందనుకుందాం. ఎవరైనా "ఇది నా గురించేనా?" అని అడిగినప్పుడు, సరదాకన్నానండీ అన్న జవాబు జవాబు కాదు. నేను అనుకున్నది ఇది, మీకు చేరింది అది, నొప్పించినందుకు క్షమించండి అని పూర్తి వాక్యాలతో చెప్పాలి. బొమ్మ తెచ్చిన గాయాన్ని మరో బొమ్మతో మాన్పలేం. చేతులు జోడించిన ఎమోజీ కూడా అందుకు చాలదు.

ఆమె అడిగిన రోజునే నేను ఆ పన్నెండు మంది గ్రూపులో రాశాను. నత్త సాఫ్ట్‌వేర్‌కు మేం పెట్టుకున్న పాత గుర్తని, ఆలస్యం ఆమెది కాదని, ఆ బొమ్మను అక్కడ పెట్టడం నా పొరపాటని చెప్పాను. నవ్వు ముఖాలు తగిలించిన ఇద్దరిలో ఒకరు తమది తీసేశారు. రెండోది అలాగే ఉంది. ఆమె నాకు విడిగా "సరేనండీ" అని మాత్రం రాశారు. తర్వాత పని ఎప్పటిలాగే సాగింది. అయితే మా ఇద్దరి చాట్‌లోకి నత్త తిరిగి రాలేదు. పేజీ తెరుచుకోక నిలిచిపోయినప్పుడు, "మళ్లీ ఆగిపోయిందండీ" అని ఆమె రాస్తారు, "ఇక్కడ కూడా" అని నేను రాస్తాను.